గురమ్మ గంప

తుపాను వస్తుందని టీవీలో చెబితే ఎర్రదిబ్బపాలెం జనం ఓ చెవిన విని ఊరుకుంటారు. వాళ్ళు చూసేది మైలపల్లి గురమ్మ గుమ్మం వైపు. అక్కడ చేపల గంప బోర్లించి ఉంటే గురమ్మ ఊళ్ళోనే ఉంటుందని అర్థం. మిగతా ఆడవాళ్ళూ తమ గంపలు బోర్లించేసి పొయ్యి పని చూసుకుంటారు. గుమ్మం దగ్గర గంప లేదంటే గురమ్మ దాన్ని నెత్తిన పెట్టుకుని మెట్టకు బయల్దేరిందన్నమాట. ఇక ఎవరూ ఎవరినీ అడగరు. పిల్లల్ని చంకనేసుకుని, తలుపులు దగ్గరగా వేసి, వెనకే నడుస్తారు.

ఇదేమీ పెద్దలు కూర్చుని పెట్టిన కట్టుబాటు కాదు. ఎప్పుడో ఒక పెద్ద తుపానులో గురమ్మ మొగుడు పడవతో సహా పోయాడు. ఆ రోజు అందరూ ఇళ్ళల్లో ఉండగానే గురమ్మ చంటిపిల్లను గంపలో పడుకోబెట్టుకుని ఊరు దాటేసింది. చూసి నవ్వినవాళ్ళు ఇప్పుడు లేరు. వెనకాల వెళ్ళినవాళ్ళు బతికారు. అప్పట్నుంచి ఊరి చూపు ఆ గంప మీదే ఉండిపోయింది.

ఆ గంపలో పడుకున్న పిల్ల పేరు నూకరత్నం. ఊళ్ళోవాళ్ళకు ఇప్పటికీ 'గంపలో గుంటే'; పిల్లను అక్కడ గుంట అంటారు. చదువుకుని, విశాఖపట్నంలో వలసల మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో చేరింది. వరదకో తుపానుకో కొట్లాటలకో ఇల్లు విడిచి వచ్చినవాళ్ళు శిబిరాల్లో ఉంటారు కదా, వాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడించడం ఆమె పని. ఏ నిమిషంలో లేచారు, లేచేముందు ఎవరి వైపు చూశారు, చేతికి ఏం తీసుకున్నారు అని అడిగి, చెప్పిందంతా రికార్డు చేసి తెచ్చేది. ఆ మాటల్ని, ఆ జనం ఫోన్లు ఎటు నుంచి ఎటు కదిలాయన్న లెక్కతో కలిపి 'కదలిక' అనే యంత్రానికి నేర్పేవారు. మనుషుల్ని ఇల్లు వదిలించేది ఏమిటో ముందుగా తెలిస్తే, నీళ్ళు రాకముందే పడవలు పంపొచ్చు, తుపాకులు పేలకముందే బస్సులు పంపొచ్చు. ఉద్దేశానికి వంక పెట్టడానికి లేదు.

కొత్త రికార్డరు చేతికిచ్చిన వారం రత్నం ఊరికి వెళ్ళింది. పనిచేస్తుందో లేదో చూద్దామని మొదట తల్లినే కూర్చోబెట్టింది. గురమ్మ కత్తిపీట ముందేసుకుని చేపలు బాగుచేస్తోంది.

"అమ్మా, ఏటైతే నువ్వు ఈ ఇల్లు ఒగ్గీసి పోతావు?"

"నానెందుకు పోతానే?"

"పోవాల్సొస్తే. సముద్రం మీదకొచ్చిందనుకో."

"వొస్తే వొచ్చింది. దానికీ నాకూ కొత్తేటి?"

"పోలీసులొచ్చి లెగమంతే?"

"ఆల మొకం! రమ్మను, సూద్దారి."

"మరి దేనికి కదుల్తావే తల్లీ?" రత్నం విసుక్కుంది.

గురమ్మ చేప తల తెంపి పక్కన పడేసింది. "నువ్వు ఏడిస్తే కదుల్తాను. నీ గొంతులో బయం ఇనబడితే సాలు, ఈ కత్తిపీట ఇక్కడే ఒగ్గీసి పరిగెట్టుకొస్తాను. ఆ గాలివాన రోజునా అంతే. నాకు సముద్రం సంగతి ఏటి తెలుసే? నువ్వు గుక్కపట్టి ఏడుస్తన్నావు, ఎంతకీ ఆపనేదు. ఊరు దాటిస్తే ఊరుకుంతావేమోనని గంపలో ఏసుకుని లెగిసినాను. జనం ఏదో అనుకున్నారు."

రత్నం పడీపడీ నవ్వి రికార్డరు ఆపేసింది. ఆ మాటలు కూడా మిగతావాటితోపాటు యంత్రంలోకి వెళ్ళిపోయాయి. తీసేయాలని ఎవరికీ తోచలేదు.

కదలిక చాలాకాలం తప్పులే చెప్పింది. నీళ్ళు ఇంత పెరిగితే ఇంతమంది లేస్తారనేది, తీరా చూస్తే నడుముల్లోతు వచ్చినా జనం అటకెక్కి కూర్చునేవారు. ఒక వానాకాలం దానంతట అదే అసలు సంగతి పట్టుకుంది. ప్రతి ఊళ్ళోనూ ఒక ఇల్లు ఉంటుంది, ఊరంతా ఆ ఇంటివైపే చూస్తుంటుంది. అది సర్పంచి ఇల్లు కానక్కర్లేదు, మేడ కానక్కర్లేదు. ఒకచోట మంత్రసానిది, మరోచోట టీకొట్టువాడిది. దానికి 'మొదటి ఇల్లు' అని పేరుపెట్టారు. మొదటి ఇల్లు లేస్తే ఊరు లేస్తుంది. ఆ ఇంటిని లేపేది మాత్రం ఏ ఇంటికాయింటికి వేరు.

నిజమో కాదో గోదావరి వరదల్లో తేలింది. ఒక లంకలో జనం కదలమని భీష్మించుకుని కూర్చున్నారు. మొదటి ఇల్లు గేదెలు మేపుకునే ముసలాయనదనీ, గేదెలు ఒడ్డెక్కితే ఆయనా ఎక్కుతాడనీ కదలిక చెప్పింది. అధికారులు నవ్వుకుంటూనే ముందు గేదెల్ని ఏరు దాటించే పంటుమీదికి ఎక్కించారు. ముసలాయన వాటి వెనక, లంకంతా ముసలాయన వెనక. ఒక్క ప్రాణం పోలేదు. ప్రయోగశాల పెద్ద, ప్రొఫెసర్ కరుణాకరం, ఆ రోజు అందరికీ తన చేత్తో పూతరేకులు పంచారు. మెత్తని మనిషి. పంచుతూ పంచుతూ కళ్ళు తుడుచుకున్నారు. రత్నం కూడా ఏడ్చేసింది.

ఆ తర్వాత కదలికను మేమూ వాడుకుంటామంటూ రకరకాలవాళ్ళు వచ్చారు. కొండల్లోనూ తీరంలోనూ భూములు చూసుకుంటున్న ఒక సంస్థ కూడా వచ్చింది. విపత్తుల ప్రణాళిక కోసమన్నారు. కరుణాకరం గారు సంతకం పెట్టేశారు. ఆ సంస్థ మనుషులే ఎర్రదిబ్బపాలెంలో రేవు కడతామని కొలతలకు వస్తే, ఊరి ఆడవాళ్ళు చీపుళ్ళు తిరగేసి తరిమారు. గురమ్మ ఆ ముచ్చట ఫోనులో చెప్పి చెప్పి నవ్వింది. "ఊరు కాళీగా ఉంతేనే కదే ఆలు కంచె ఎయ్యగలరు? మనుసులుండగా ఏటి సేస్తారు?"

ఎండాకాలం మొదట్లో కరుణాకరం గారు రత్నాన్ని పిలిచారు.

"పార్వతీపురం అవతల కొండమీద ఒక ఊరు ఖాళీ అయిందటమ్మా. జనం కింద శిబిరంలో ఉన్నారు. నువ్వెళ్ళాలి."

"నాగభూషణం గారిని పంపుతానన్నారు కదండీ? ఆ కొండ ఊళ్ళు తిరిగేది ఆయనే కదా."

"నిన్నే పంపమన్నారు. ఆ సంస్థవాళ్ళు పేరుపెట్టి మరీ అడిగారు. నీ పని నచ్చినట్టుంది."

రత్నానికి లోపల్లోపల గర్వంగానే అనిపించింది. పాపం, అనిపించదూ మరి!

శిబిరం ఒక బడి వరండాలో ఉంది. సింగారి అనే పెద్దావిడ రత్నానికి చాప పరిచి, తనూ ఎదురుగా కూర్చుంది.

"ఏం జరిగిందమ్మా? కాల్పులేమైనా?"

"నేదమ్మా."

"గెడ్డ పొంగిందా?"

"ఈ ఎండల్లోన గెడ్డెక్కడ పొంగుతాది?"

"మరెందుకొచ్చేశారు?"

సింగారికి సిగ్గేసినట్టుంది. గోడవారగా ముడుచుకుని కూర్చున్న ఒకతన్ని చూపించింది. "జమ్మయ్య దిగిపోనాడమ్మా. అందికే మేమూ దిగిపోనాము. ఊరి ఇత్తనాలన్నీ ఆడి అటకమీదే ఉంతాయి. ఆడి పెళ్ళాం ఇత్తనపు సోళ్ళు మూటగట్టుకుని పోతంటే సూసినాము. ఇంక ఊర్లో ఏటుంతాది మాకు? మర్నాడు తిరిగెల్తే కంచె ఏసీసినారు. తుపాకులట్టుకుని నిలబడ్డారు. పెమాదం, రావద్దన్నారు. ఏటి పెమాదమో సెప్పరు."

రత్నం జమ్మయ్య దగ్గరికి జరిగింది. అతని ముందు ముట్టుకోని అన్నం ఎండిపోయి ఉంది.

"ఎవులో ఫోను సేసినారమ్మా," అన్నాడు జమ్మయ్య తలెత్తకుండా. "నీ కొడుకుని హాస్టల్లోంచి పట్టుకుపోనారు, మీ ఇంటికొస్తన్నారు, పెళ్ళాం పిల్లల్తోటి పారిపో అన్నారు. పరిగెట్టినాను. తీరా సూస్తే ఆడు సుబ్బరంగా బంతాట ఆడుకుంతన్నాడు."

"అలా చెప్పగానే నమ్మేశావా?"

"నా పెద్దోడిని అలాగే పట్టుకుపోయి సంపీసినారమ్మా, ఎన్నడో. ఆ మాట కూడా ఆ ఫోన్లో అన్నారు. అది నాను ఊర్లో ఎవులికీ సెప్పనేదు. పోయినేడు ఒక బాబొచ్చినాడు, నీలాగే ఈ పెట్టె ముందెట్టి, నీ కట్టం సెప్పుకో అన్నాడు. ఆ బాబుకి తప్ప నరమానవుడికి సెప్పనేదు."

రత్నం చేతిలో రికార్డరు ఎర్రదీపం వెలుగుతోంది. బ్యాటరీ ఊడబీకి సంచిలో పడేసింది.

విశాఖపట్నం తిరిగొచ్చి తిన్నగా ప్రయోగశాలకు వెళ్ళింది. మధ్యాహ్నం భోజనాల వేళ, గదిలో ఎవరూ లేరు. కదలిక ముందు కూర్చుని కొండ ఊరి పేరు కొట్టి, మొదటి ఇల్లు ఏది, దేనికి లేస్తుంది అని అడిగింది.

తెర మీద జవాబు వచ్చింది. "ఈ ప్రశ్నకు ఇంతకుముందే జవాబిచ్చాను. జమ్మయ్య ఇల్లు. కొడుక్కి ఆపద అంటే లేస్తుంది."

రత్నం ఆ రెండు ముక్కలూ మళ్ళీ చదివింది. తనూ నాగభూషణం గారూ మూడు జిల్లాలు తిరిగి, మనుషుల కన్నీళ్ళు తుడిచి మరీ ఏరుకొచ్చిన మాటలు! మనుషులు దేనికి పారిపోతారో తెలిసినవాడికి, వాళ్ళని తరమడం తెలిసిపోయినట్టే కదా. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తన బుర్రకెందుకు తట్టలేదు?

అప్పుడు చీపుళ్ళు తిరగేసిన ఆడవాళ్ళు గుర్తొచ్చారు. రెండో ప్రశ్న కొట్టింది. ఎర్రదిబ్బపాలెంలో మొదటి ఇల్లు ఏది?

"ఈ ప్రశ్నకు ఇంతకుముందే జవాబిచ్చాను. మైలపల్లి గురమ్మ ఇల్లు."

పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ ఇల్లు దేనికి లేస్తుందన్న ప్రశ్న ఒక్కటి మిగిలిపోయింది. అదీ అడిగి ఉంటే ఏమయ్యేదో! కానీ తల్లి మీదికి ఎవరో వస్తున్నారని తెలిశాక అడిగే తీరిక ఎవరికుంటుంది చెప్పండి? రత్నం కుర్చీ తన్నుకుని బయటికి పరుగెత్తి, మెట్లమీదే ఫోను చేసింది.

"ఏటే గుంటా, ఈ యేళప్పుడు?"

"అమ్మా, ఉన్నపళంగా బస్సెక్కీ. ఎవులు ఏటి సెప్పినా నమ్మొద్దు. ఎవులొచ్చినా తలుపు తియ్యొద్దు. ఒచ్చీ అమ్మా."

"ఏటయ్యిందే?"

"ఆలు నిన్ను ఏటో సేసేస్తారు. నీ పేరు ఉందమ్మా అందులో. నాకు బయమేస్తంది." ఎంత ఆపుకుందామన్నా ఏడుపు బయటపడింది.

అవతల కత్తిపీట పక్కకు నెట్టిన చప్పుడు వినిపించింది.

"ఒచ్చేస్తన్నాను. ఏడవకు. నానొచ్చేస్తన్నాను."

బస్టాండులో రత్నం అటూ ఇటూ తిరుగుతూ గోళ్ళన్నీ కొరికేసింది. తల్లి వయసు ఆడమనిషి ఎవరు దిగినా ఉలిక్కిపడింది. చివరికి గురమ్మ దిగింది. కాళ్ళకు చెప్పుల్లేవు. నెత్తిమీద గంప ఉంది. రత్నం వాటేసుకుని వదల్లేదు. గురమ్మ కూతురి మొహమంతా తడిమి చూసింది.

"బాగున్నావు కదా? నీకేటీ అవ్వనేదు కదా? ఇంకేటి మరి, ఊరుకో. నీ కోసం పొద్దున్నొండిన నెత్తళ్ళ సేపల కూర తెచ్చినాను."

"గంపెందుకు తెచ్చావే?" అంది రత్నం ముక్కు తుడుచుకుంటూ.

"గంప ఒగ్గీసి ఎలగొస్తానే? ఎన్నడైనా ఒగ్గినానేటి?"

ఆ మాట రత్నం చెవిన పడీ పడకముందే గురమ్మ ఫోను మోగింది. పక్కింటి పోలమ్మ. గొంతు వెనక ఆటోల రొద, పిల్లల ఏడుపులు.

"వదినా, ఎంతవరకూ ఎల్లినావు? మేమందరం హైవే కాడికొచ్చీసినాము. మగోళ్ళు కూడా వలలు ఒగ్గీసి ఒచ్చీసినారు. ఏటొస్తంది వదినా? సముద్రమా, పోలీసులా?"

"నానెవులికీ ఏటీ సెప్పనేదే!" అంది గురమ్మ నోరు తెరిచి.

"సెప్పాలేటి? గంప నేదు కదా!"

రత్నం అక్కడే సిమెంటు బెంచీమీద కూలబడిపోయింది. ఎలాగో కరుణాకరం గారికి ఫోను చేసి, మిగిలిపోయిన ఆ మూడో ప్రశ్న అడిగి చదవమంది. ఆయన ప్రశ్న కొట్టి, వచ్చిన జవాబు తనలో తనే గొణుక్కున్నారు.

"చదవండి సార్."

"ఇంతకుముందే జవాబిచ్చాను అంటోందమ్మా. గురమ్మ ఇల్లు... కూతురి గొంతులో భయం వినపడితే లేస్తుంది. కింద ఇంకో ప్రశ్న కూడా అడిగారు. కూతురు దేనికి భయపడుతుంది అని. ఖాళీ అయిన ఊరివాళ్ళ శిబిరానికి ఆమెనే పంపితే చాలు, మిగతాది ఆమే తెలుసుకుంటుంది అని జవాబు. రత్నం, నిన్నే పంపమని... నేనే పంపాను కదమ్మా. నేనే."

ఆయన ఏడుస్తున్నారు. రత్నానికి ఆయన మీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. యంత్రంలో తన తల్లి మాటలే కాదు, తను కూడా ఉంది. తన భయం ఎంత దూరం పరుగెత్తుతుందో, ఎవరికి ఫోను చేస్తుందో, అన్నీ కొలిచి పెట్టి ఉన్నాయి. తల్లిని కాపాడుకుంటున్నాననుకుని ఊరంతటినీ తనే ఊడ్చేసింది.

అంతా విని గురమ్మ గంప చేతికి తీసుకుంది. "పద."

"ఎక్కడికే?"

"ఇంటికి. కత్తిపీట ముందు సగం సేపలు ఒగ్గీసొచ్చినాను. పిల్లులు తినీగలవు."

వాళ్ళు ఊరి రోడ్డు దగ్గర బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. హైవే పక్కన చెట్లకింద ఊరంతా మూటలతో కూర్చుని ఉంది. అవతల ఊళ్ళోకి వెళ్ళే దారికి అడ్డంగా ఇనుప కంచె, గేటు, ఎర్రరంగు బోర్డు. ఒక్క పూటలో! లారీలన్నీ ఎక్కడో దగ్గర్లోనే కాచుకుని ఉండాలి. కంచె వెనక ఇళ్ళు తలుపులు దగ్గరగా వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఒక్క పొయ్యి పొగ లేదు. పుట్టి బుద్ధెరిగి రత్నం ఆ ఊరిని అలా ఎన్నడూ చూడలేదు.

గురమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. తిన్నగా నడుచుకుంటూ గేటు ముందుకెళ్ళి, గంపలో ఉన్న కేరేజీ తీసి కింద పెట్టి, గంపను రోడ్డుకు అడ్డంగా బోర్లించింది. దాని పక్కనే చతికిలబడింది. రత్నం పరుగున వెళ్ళి తనూ కూర్చుంది. కూర్చుంటూ కరుణాకరం గారికి ఫోను చేసింది.

"గురమ్మ తిరిగొస్తే ఏమవుతుందని అడగండి సార్."

"అడిగానమ్మా ఇందాకే. తెలియదంటోంది. ఇల్లు వదిలినవాళ్ళనే అడిగాం కానీ, తిరిగెళ్ళినవాళ్ళను మనమెప్పుడూ అడగలేదు."

ఫోను పెట్టేసేలోగా గేటు లోపల్నుంచి జీపు వచ్చి, వాళ్ళకు జానెడు దూరంలో ఆగింది. నలుగురు దిగారు. చేతుల్లో కర్రలు, ఒకడి భుజాన తుపాకీ. ఇంజను ఆపలేదు. తుపాకీవాడు గురమ్మ వైపు చూడనైనా చూడలేదు. రత్నం ముందు మోకాలి మీద కూర్చున్నాడు.

"నూకరత్నం గారూ, ఇది ప్రమాద ప్రాంతం. అమ్మగారికి మీరైనా చెప్పండి. చీకటి పడుతోంది, బళ్ళు తిరుగుతుంటాయి. ఆవిడకేమైనా అయితే ఏడ్చేది మీరే కదండీ."

ఎంత మర్యాదగా అన్నాడో! పేరు తెలుసు. ఎక్కడ నొక్కాలో తెలుసు. రత్నం కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "అమ్మా, పోదాం లే" అన్న మాట గొంతులోకి వచ్చేసింది.

గురమ్మ కూతురి వైపు తిరగకుండానే, తమ ఇద్దరికే వినపడేటట్టు అంది. "ఒలే. నువ్వు ఏడిస్తే నాను లెగిసిపోతాను. నా వల్ల కాదు, నీకు తెలుసు కదా. నాను లెగిస్తే ఊరు మరి రాదు. ఏటి సేస్తావో నీ ఇట్టం."

జీపు ఇంజను గర్రున మోగింది. రత్నం పెదవి లోపల్నుంచి కొరుక్కుంది, నోట్లో ఉప్పగా తగిలింది. భయం తగ్గలేదు, అణువంతైనా తగ్గలేదు. దాన్ని మింగింది. మింగి, చిన్నప్పుడు రోజూ బడినుంచి వచ్చాక అడిగే గొంతుతో అడిగింది.

"అమ్మా, ఆకలేస్తంది. ఆ కూర పెట్టవా?"

"పెడతానే. సేతులు కడుక్కో."

గురమ్మ కేరేజీ మూత తీసి, నెత్తళ్ళ కూర అన్నంలో కలిపి, ముద్ద చేసి కూతురి నోటికందించింది. తుపాకీవాడు లేచి నిలబడి ఎవరికో ఫోను చేస్తున్నాడు. రత్నం ముద్ద నమిలింది. వెనకాల రోడ్డు మీద ఎవరివో అడుగులు దగ్గరికొచ్చి ఆగాయి. గంప ఒకటి తారుమీద బోర్లించిన చప్పుడైంది. కాసేపటికి ఇంకొకటి. రత్నం వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుపొచ్చేస్తుందని తెలిసి, తల్లి చేతిలోని రెండో ముద్దకు నోరు తెరిచింది.